డాబా మీది నల్లదుమ్ము ఎవరిది?

జనవరి నెల. తెల్లవారుజాము ఐదున్నర. విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక పాత ఇంటి డాబా మీద నిలబడి ఉన్నారు మీరు. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. దక్షిణాన యారాడ కొండలు, వాటి కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్ నోస్ నల్లని గీతలా కనిపిస్తున్నాయి. ఆ కొండలకూ మీకూ మధ్య పోర్టు దీపాలు. ఎక్కడో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండల వరస. పడమట నరవ కొండలు. తూర్పున మాత్రమే తెరిపి, అక్కడ సముద్రం. ఈ కొండల నడుమ ఉన్న నేలను అధికారులూ ఇంజనీర్లూ బౌల్ ఏరియా అంటారు. నగరంలోని భారీ పరిశ్రమల్లో చాలావాటిని, పోర్టును, లక్షలాది ఇళ్లను ఈ బౌల్‌లోనే పెట్టుకున్నాం.

చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలకు ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. దాని పైన వెచ్చటి గాలి పొర మూతలా పరుచుకుంటుంది. కింద పుట్టిన పొగ, దుమ్ము పైకి పోవు, కొండలు పక్కకు పోనివ్వవు. సముద్రపు గాలి తిరిగేదాకా అంతా ఇక్కడే తిరుగుతూ ఉంటుంది. గట్టిగా ఊపిరి పీల్చి చూడండి. కాస్త ఉప్పు, కాస్త డీజిలు, దూరంగా ఎవరో రాజేసిన చెత్తమంట వాసన. ఇంకొకటేదో ఉంది. దానికి పేరు పెట్టలేరు.

మెట్ల మీద గాజుల చప్పుడు. ఇంటి పెద్దావిడ చీపురు, తడిగుడ్డ పట్టుకుని పైకి వచ్చింది. నీళ్ల ట్యాంకు మూత మీద వేలితో గీత గీసి చూపించింది. వేలి కొస నల్లబడింది.

"సూడమ్మా, రాత్రి పడుకోబోయే ముందర తుడిసినాను. అప్పుడే మళ్లీ పేరుకుపోనాది. ఈ డాబా మీద వడియాలు పెట్టి ఎన్నేళ్లయిందో అడుగు. తెల్లబట్ట ఆరేత్తే సాయంత్రానికి మరి తెల్లబట్ట కాదు."

ఆవిడ మాట్లాడుతున్నది మీతో కాదు, డాబా మూలన ఒక పరికరం పక్కన కూర్చున్న పరిశోధక విద్యార్థినితో. ఆ అమ్మాయి చప్పున లేచింది. "మామ్మగారూ, ఒక్క నిమిషం, తుడవకండి. ముందు నేను కొంచెం తీసుకుంటాను."

చిన్న బ్రష్షుతో ట్యాంకు మూత మీది దుమ్మును కాగితం మీదికి తోసింది. జేబులోంచి అయస్కాంతం తీసి, పల్చటి పాలిథిన్ కవరు చుట్టి, దుమ్ము మీద ఆడించింది. కొన్ని రేణువులు ఎగిరి కవరుకు అతుక్కున్నాయి. చాలావరకు కాగితం మీదే ఉండిపోయాయి. అతుక్కున్నవి ఇనుముతో పనిచేసే కొలిమి నుంచి వచ్చి ఉండొచ్చు. అతుక్కోనివి బొగ్గు కావచ్చు, మట్టి కావచ్చు, టైరు అరుగు కావచ్చు, ఇనుప ఖనిజంలోనే అయస్కాంతానికి సరిగా లొంగని రకమూ కావచ్చు. బైలదిల్లా కొండల నుంచి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీద ఈ రేవుకు దిగే ఖనిజం ఎక్కువగా హెమటైటే. అది అయస్కాంతానికి బలహీనంగా స్పందిస్తుంది.

"బొగ్గే కదమ్మా?" పెద్దావిడ అడిగింది.

"బొగ్గు ఉంది మామ్మగారూ. ఎంత ఉందో, ఎవరిదో తెలియాలి."

ఆ రెండో మాట కోసమే మనం ఈ డాబా ఎక్కాం. గాలిలో దుమ్ము ఉందన్నది కొత్త సంగతి కాదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు విశాఖకు 70 దాటి మార్కులు వచ్చాయి. అలా 70 దాటిన 43 ప్రాంతాలను అత్యంత కలుషితమైనవిగా ప్రకటించి, 2010లో కొత్త పరిశ్రమల అనుమతులను కొంతకాలం ఆపేశారు. 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖ మళ్లీ ఉంది. ఎంత దుమ్ము అన్న ప్రశ్నకు అంకెలున్నాయి. ఎవరి దుమ్ము అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ప్రతివాడూ పక్కవాడిని చూపిస్తాడు. పోర్టును అడిగితే లారీలంటారు, లారీల వాళ్లు రోడ్లంటారు, రోడ్ల శాఖ నిర్మాణాలంటుంది.

2020 మే 7న ఇదే విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మేసి 12 మంది ప్రాణాలు పోయినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో తెల్లారేసరికి లోకానికంతా తెలుసు. సూక్ష్మ ధూళి అలా కాదు. ఏళ్ల తరబడి, కాసింత కాసింతగా, ఎవరి పేరూ బయట పడకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లోనే దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించేదిగా తేల్చింది.

ఇప్పుడు ఆ పరికరం దగ్గరికి రండి. నడుం ఎత్తు స్టాండు మీద ఒక పెట్టె, పైన టోపీలాంటి మూత, లోపల సన్నగా రొద పెడుతున్న పంపు. నిమిషానికి 16.7 లీటర్ల గాలిని లాక్కుంటుంది. లోపలికి వెళ్లిన గాలి దారిలో ఒకచోట ఠక్కున మలుపు తిరగాల్సి వస్తుంది. బరువైన రేణువులు మలుపు తిరగలేక ఎదురుగా ఉన్న జిడ్డు పళ్లానికి కొట్టుకుని అక్కడే ఉండిపోతాయి. తేలికైనవి గాలితోపాటు తిరిగి ముందుకు పోతాయి. ఆ మలుపును ఎంత వంపుతో, ఎంత వేగానికి కట్టాలో లెక్కగట్టి, 2.5 మైక్రాన్ల కంటే చిన్నవాటిని మాత్రమే దాటనిస్తారు. పీఎం 2.5 అంటే అవే. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. మామ్మగారి వేలికి అంటిన నలుపులో ఎక్కువ భాగం ఈ మలుపు దగ్గరే ఆగిపోయే రకం. దాన్ని ముక్కూ గొంతూ చాలావరకు పట్టి ఆపుతాయి. ఆపలేనిది కంటికి కనపడదు, చీపురుకు చిక్కదు.

ఆవిడ ఫిర్యాదు అబద్ధమని కాదు. ఆవిడకు కనిపించేది నిజం. దాని వెనక కనిపించనిది ఇంకా ఉంది.

అమ్మాయి చేతులకు గ్లవుజులు తొడుక్కుంది. నిన్న ఇదే వేళకు పెట్టిన ఫిల్టరును ఫోర్సెప్స్‌తో అంచు పట్టుకుని బయటికి తీసింది. గుండ్రటి బిళ్ల, 47 మిల్లీమీటర్ల వెడల్పు. నిన్న పాలలా తెల్లగా ఉన్నది ఇవాళ బూడిద రంగులో ఉంది, అంచున మాత్రం పట్టీ కింద దాగిన తెల్లని వలయం మిగిలింది. దాన్ని మూత ఉన్న గిన్నెలో పెట్టి, అంకె రాసి, ఐసు పెట్టెలోకి చేర్చింది. ఆ పక్కనే ఇంకొక గిన్నె ఉంది. అందులోని ఫిల్టరు డాబా మీదికి వచ్చింది కానీ గాలి పీల్చలేదు. తెచ్చినట్టే వెనక్కి పోతుంది. దారిలో, చేతిలో, పెట్టెలో ఎంత మలినం అంటుకుందో తెలియడానికి అదొక సాక్షి. దాని మీద పట్టినదాన్ని అసలు లెక్కలోంచి తీసేస్తారు. ఈ పనిలో నిజాయితీ అంతా ఇలాంటి చిన్న జాగ్రత్తల్లో ఉంటుంది.

ఒక రోజంతా నడిస్తే ఈ పంపు గుండా పోయే గాలి సుమారు 24 ఘనపు మీటర్లు. ఒక మనిషి రోజుకు పీల్చే గాలికి రమారమి రెండింతలు. మన దేశంలో పీఎం 2.5కు రోజు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటు పరిమితి 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన ఏడాది పరిమితి 5. గాలి సరిగ్గా మన రోజు పరిమితి దగ్గర ఉందనుకున్నా, ఫిల్టరు మీద చేరే దుమ్ము ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించదు. చిటికెడు ఉప్పులో పదో వంతు కూడా కాదు. పోర్టు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం, లారీలు, వంటింటి పొయ్యిలు, సముద్రం, అన్నీ ఆ కాస్తలోనే ఉన్నాయి.

ఎండ వచ్చింది. కిందికి దిగుదాం. ఫిల్టరు మీద దొరికినవాణ్ని గుర్తు పట్టాలంటే ముందు ఊళ్లో అనుమానితులందరి ఆనవాళ్లూ సేకరించుకోవాలి.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు, ట్రైలర్లు వరసకట్టి ఉన్నాయి. టార్పాలిన్ కప్పిన టిప్పరు గుంతలో పడి లేచింది. టార్పాలిన్ అంచు కింది నుంచి నల్లని పొడి సన్నని ధారగా జారి రోడ్డు మీద పడింది. వెనకే వచ్చిన టిప్పరు టైరు దాన్ని నలిపింది, ఆ వెనకది గాలిలోకి లేపింది. మీ కళ్ల ముందే అంతా జరిగింది. ఈ దృశ్యాన్ని గుర్తు పెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

రోడ్డు వారన సుద్దముక్కతో చదరం గీసి, అందులోని దుమ్మునంతా బ్రష్షుతో ఎత్తి సంచిలో పోశారు. ప్రయోగశాలలో దీన్ని జల్లించి, మూసిన పెట్టెలో గాలి ఊది లేపి, అదే మలుపు గుండా పంపి ఫిల్టరు మీదికి పట్టుకుంటారు. రోడ్డు దుమ్ముకు అది ముఖచిత్రం. అందులో మట్టి తాలూకు సిలికాన్, అల్యూమినియం ఉంటాయి. బ్రేకుల అరుగు నుంచి రాగి, యాంటిమొనీ, బేరియం వస్తాయి. టైర్ల నుంచి జింకు. ఇవి ఏ ఊరి రోడ్డుకైనా మామూలే. ఈ రోడ్డు మీద అదనంగా బొగ్గు పొడి, ఎర్రటి ఖనిజపు పొడి, ఎరువుల బస్తాల నుంచి రాలిన తెల్లటి పొడి.

మల్కాపురం వైపు సాగితే ఎడమా కుడీ పెద్ద గోడలే. ఇక్కడి చమురు శుద్ధి కర్మాగారం 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైంది, తర్వాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చింది. ముడిచమురు అడుగున మిగిలే చిక్కటి ఇంధనంలో వెనేడియం, నికెల్ ఉంటాయి. చమురు అణువులను విరగ్గొట్టడానికి వాడే ఉత్ప్రేరకంలో లాంథనం అనే అరుదైన లోహం ఉంటుంది. గాలిలో లాంథనం పెరిగితే చూపు శుద్ధి కర్మాగారాల వైపు తిరుగుతుంది. వెనేడియం ఒక్కటే పెరిగితే రేవులో లంగరేసిన ఓడల వైపు తిరగాలి. ఇది కూడా ఇదివరకంత తేలిక కాదు. 2020 జనవరి 1 నుంచి ఓడలు వాడే ఇంధనంలో గంధకం అర శాతానికి మించకూడదన్న అంతర్జాతీయ నియమం వచ్చింది. అంతకుముందు మూడున్నర శాతం దాకా ఉండొచ్చు. ఇంధనం మారడంతో వెనేడియం కూడా బాగా తగ్గింది. పాత ఆనవాలుతో వెతికితే ఓడ కనిపించకుండా తప్పించుకుంటుంది.

మింది దగ్గర జింకు కరిగించే కర్మాగారం ఉండేది. 2012లో ఆగిపోయింది. కర్మాగారం ఆగినా నేలలోకి దిగిన లోహం ఎక్కడికీ పోదు. అందుకే ఈ పరిసరాల్లో జింకు కనిపించగానే టైర్ల ఖాతాలో రాసేయడం పొరపాటు. ఎరువుల కర్మాగారం దగ్గర ఫాస్ఫరస్, ఫ్లోరిన్, జిప్సం చూసుకోవాలి.

గాజువాక దాటాక ఉక్కు కర్మాగారం పొగ గొట్టాలు. మూడు బ్లాస్ట్ ఫర్నేసులకూ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. 1966లో ఈ కర్మాగారం కోసం జరిగిన ఉద్యమంలో తెలుగునాట ప్రాణాలు పోయాయి. దీని నీడలో వేల కుటుంబాలు బతుకుతున్నాయి. దుమ్ము లెక్క తీయడం అంటే దీనికి వ్యతిరేకంగా నిలబడటం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ కోక్ ఓవెన్ల దగ్గర షిఫ్టు చేసే కార్మికుడే అందరికంటే ముందు ఆ గాలి పీలుస్తున్నాడు. అతని పిల్లలు గాజువాకలోనో పెదగంట్యాడలోనో బడికి వెళ్తున్నారు. లెక్క వాళ్లకే ముందు కావాలి. ఇనుము, మాంగనీసు, కాల్షియం కలిసి పెరిగి తరిగితే ఉక్కు తయారీ జాడ. ఇంకా దక్షిణానికి పోతే పరవాడ, సింహాద్రి థర్మల్ కేంద్రం, 2000 మెగావాట్లు. అక్కడ బొగ్గు కాలి బూడిదవుతుంది. ఆర్సెనిక్, సెలీనియం దాని ఆనవాళ్లు.

ఊరంతా తిరిగాం. ఇక ప్రయోగశాలలోకి. తలుపు దగ్గర చెప్పులు విడవండి. తూకపు గదిలో మాట్లాడకూడదు, తలుపు గట్టిగా వేయకూడదు. ఫిల్టర్లను ఒకే వేడి, ఒకే తేమ ఉన్న గదిలో 24 గంటలు ఉంచాకే తూస్తారు, తేమ బరువు లెక్కలో కలవకూడదు కదా. తక్కెడ మైక్రోగ్రాముల్లో చూపిస్తుంది. అంకె నిలకడగా నిలిచేదాకా ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టే ఉంటుంది.

పక్కగదిలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని. ఇక్కడ కాస్త ఆగండి, తొందర లేదు. ఫిల్టరులో గోటి చుక్కంత ముక్క కత్తిరించి, కార్బన్ టేపు మీద అతికించి లోపల పెట్టారు. తెర మీద మొదట బూడిదరంగు మసక. తర్వాత ఒక్కొక్కటే స్పష్టమవుతాయి.

పలకలు తీరిన ఘనం. అది సముద్రపు ఉప్పు, అలల తుంపర ఎండి గాలిలో మిగిలిన స్ఫటికం. దాని అంచులు కొంచెం కరిగినట్టున్నాయి. నగరపు ఆమ్లాలు తగిలి క్లోరిన్ పోయి నైట్రేట్ చేరుతున్న గుర్తు. పక్కన నున్నటి గోళం, గీత కూడా లేదు. గోళాకారం ఊరికే రాదు. రేణువు ఒకప్పుడు కరిగి ద్రవంగా ఉండి, గాలిలో ఉండగానే గట్టిపడితేనే అలా గుండ్రంగా మిగులుతుంది. మీట నొక్కితే ఆ గోళంలో ఏ మూలకాలున్నాయో గ్రాఫు లేస్తుంది. సిలికాన్, అల్యూమినియం లేస్తే థర్మల్ బూడిద. ఇనుము ఒక్కటే నిటారుగా లేస్తే కరిగిన ఉక్కు మీంచి చిందిన తుంపర.

తెరను ఇంకొంచెం జరిపితే ఒక పెద్ద పెచ్చు. అంచులు పదునుగా, గాజు పెంకు విరిగినచోట ఉన్నట్టే ఉన్నాయి. గ్రాఫులో దాదాపు అంతా కార్బనే. ఇది ఎప్పుడూ మంట చూడలేదు. కాలి ఉంటే గుండ్రబడేది, లేదా చిల్లులు పడేది. ఇది విరిగిన బొగ్గు, కాలని బొగ్గు. గుట్టలుగా పోసిన యార్డు నుంచో, వ్యాగను నుంచో, టిప్పరు నుంచో నేరుగా లేచింది. పొగ గొట్టానికి దీనితో సంబంధం లేదు, ఎంత మంచి వడపోత పెట్టినా ఇది ఆగదు. కప్పిపెట్టడం, తడపడం, మూసిన కన్వేయరులో తరలించడం, ఇవే దీనికి మందు. దాని పక్కనే అతి చిన్న పూసలు గుత్తులు గుత్తులుగా అల్లుకుని ఉన్నాయి. డీజిలు మసి. ఒక్కో పూస మైక్రానులో ఇరవయ్యో వంతు, ముప్పయ్యో వంతు. పొద్దున మామ్మగారు అడిగిన "బొగ్గే కదమ్మా" అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడుంది. నలుపు ఒకటే, పుట్టుకలు వేరు.

మిగిలిన పరీక్షలు చూడటానికి ఇంత ముచ్చటగా ఉండవు. టెఫ్లాన్ ఫిల్టరు మీద ఎక్స్‌రేలు పడితే ఒక్కో మూలకం తనదైన శక్తితో బదులిస్తుంది. క్వార్ట్జ్ ఫిల్టరు ముక్కను హీలియంలో మెట్లు మెట్లుగా వేడిచేసి, తర్వాత ఆక్సిజన్ కలిపి కాలిస్తే సేంద్రియ కార్బన్ ఎంతో, మసి కార్బన్ ఎంతో విడివిడిగా తెలుస్తుంది. ఇంకో ముక్కను నీళ్లలో నానబెట్టి సల్ఫేట్, నైట్రేట్, అమోనియం కొలుస్తారు. భోగి మర్నాటి ఫిల్టరు పరీక్షకు వస్తే పొటాషియం, లీవోగ్లూకోసాన్ ఒక్కసారిగా లేస్తాయి. లీవోగ్లూకోసాన్ కట్టె కాలితేనే పుట్టే చక్కెర జాతి పదార్థం. భోగి మంటలో ఎవరైనా పాత టైరు పడేస్తే జింకు కూడా దాచుకోలేరు.

ఇన్ని అంకెలు వచ్చాక అసలు పని మొదలవుతుంది. పులుసు నోట్లో వేసుకుని చింతపండు ఎంత, బెల్లం ఎంత, మెంతిపొడి ఎంత పడ్డాయో చెప్పేవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. ఇక్కడ చేసేది అదే, లెక్కల్లో. ఫిల్టరు మీది ఒక్కో మూలకానికి ఒక్కో సమీకరణం. అన్ని మూలాల ముఖచిత్రాలనూ ఏ పాళ్లలో కలిపితే ఫిల్టరు మీది మొత్తం సరిపోతుందో కంప్యూటరు వెతుకుతుంది. ముఖచిత్రాలు ముందే చేతిలో ఉంటే ఒక పద్ధతి. అవి లేకుండానే వంద, రెండు వందల ఫిల్టర్ల అంకెల్లో ఏవేవి కలిసి పెరుగుతున్నాయో, కలిసి తగ్గుతున్నాయో చూసి మూలాలను బయటికి తీసే పద్ధతి ఇంకొకటి. దాన్ని 1994లో ఫిన్లండ్‌కు చెందిన పాటెరో, టాపర్ ప్రకటించారు. మన దేశంలో ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు, పుణె, కాన్పూరు నగరాల మీద జరిగిన పెద్ద అధ్యయనం కోసం వాహనాల ముఖచిత్రాలను పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ, మిగతావాటిని ఐఐటీ బొంబాయి తయారుచేశాయి. ఎక్కడో పరాయిదేశపు పొయ్యి పొగ ముఖచిత్రంతో మన పొయ్యిని గుర్తు పట్టలేం కాబట్టి అది చాలా విలువైన పని.

చిక్కులు లేకపోలేదు. థర్మల్ బూడిద, మామూలు మట్టి రెంటిలోనూ సిలికాన్, అల్యూమినియమే ప్రధానం. లెక్కలో ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడే ప్రమాదం ఉంది. అప్పుడు సూక్ష్మదర్శిని కింద గోళాలు వెతకాలి. గాలి దిక్కును కూడా సాక్ష్యానికి పిలవాలి. నైరుతి గాలి వీచే నెలల్లో పోర్టు, ఉక్కు కర్మాగారం వైపు నుంచి ఊరి మీదికి వస్తుంది. ఈశాన్యపు గాలి దానికి ఎదురు. ఇనుము ఏ దిక్కు గాలి ఉన్న గంటల్లో పెరిగిందో గంట గంటకూ చూస్తే వేలు చూపించే దిక్కు దొరుకుతుంది. నగరంలో మనుషులు వెళ్లి ఫిల్టరు మార్చే కేంద్రాల్లో వారానికి రెండు రోజులే నమూనా తీస్తారు, ఏడాదికి 104. ఊరు ఎంత మురికైందో చెప్పడానికి అది సరిపోతుంది. ఎవరు మురికి చేశారో చెప్పడానికి సరిపోదు.

ఇంకో సంగతి ఉంది, మామ్మగారికి చెప్పడం కష్టమైనది. ఫిల్టరు మీది సల్ఫేట్ చాలావరకు ఏ గొట్టం నుంచీ సల్ఫేట్‌గా బయటికి రాలేదు. బొగ్గులో, చమురులో ఉన్న గంధకం కాలి వాయువుగా వెళ్లి, గాలిలో గంటలూ రోజులూ ప్రయాణించి, పొలాల నుంచీ మురుగు నుంచీ వచ్చిన అమోనియాతో కలిసి రేణువుగా మారింది. అది ఈ బౌల్‌లో పుట్టి ఉండొచ్చు, వందల కిలోమీటర్ల అవతల ఏ థర్మల్ కేంద్రంలోనో పుట్టి ఉండొచ్చు. డాబాను ఎన్నిసార్లు తుడిచినా, రోడ్డు మీద ఎన్ని ట్యాంకర్ల నీళ్లు చల్లినా దీన్ని ముట్టుకోలేం. గొట్టం దగ్గరే గంధకాన్ని పట్టాలి. ఆ నియమాలను కేంద్రం 2015 డిసెంబరులో ప్రకటించింది. గడువులు పదేపదే పొడిగించింది. 2025 జులైలో దేశంలోని అత్యధిక థర్మల్ కేంద్రాలను గంధకం పట్టే యంత్రాలు పెట్టే బాధ్యత నుంచి తప్పించింది. ఇది తప్పుడు నిర్ణయమని నా అభిప్రాయం.

ఇప్పుడు కాన్వెంట్ జంక్షన్‌లో గుర్తు పెట్టుకోమన్న దృశ్యం దగ్గరికి వద్దాం. ఏ నగరపు నివేదిక తెరిచినా రంగురంగుల వృత్తంలో ఒక పెద్ద ముక్క మీద "రోడ్డు దుమ్ము" అని ఉంటుంది. చదివినవాళ్లు రోడ్డునో మట్టినో తిట్టుకుని ఊరుకుంటారు. రోడ్డు తనంతట తాను బొగ్గును కనదు. టిప్పరు నుంచి జారిన బొగ్గు నేల మీద పడేదాకా ఒక కంపెనీ సరుకు. దానికి బిల్లు ఉంది, యజమాని ఉన్నాడు. నేల తాకిన క్షణం నుంచి అది ఎవరిదీ కాని రోడ్డు దుమ్ము అయిపోతుంది. దాన్ని ఊడ్చే ఖర్చు నగరపాలక సంస్థది, పీల్చే ఖర్చు వన్‌టౌన్‌ది. సుద్దగీతల చదరంలోంచి ఎత్తిన దుమ్మును ఒకే ముద్దగా లెక్కించకుండా, అందులో మట్టి ఎంత, బొగ్గు ఎంత, ఖనిజం ఎంత, ఎరువు ఎంత అని విడదీయాలి. సూక్ష్మదర్శిని ఉన్నది అందుకే. ఆ విడదీత లేని అధ్యయనం నేరం జరిగిందని రాసి నేరస్థుడి పేరు కొట్టేసిన ఫిర్యాదే.

అలా పేరు కొట్టేస్తే డబ్బు ఎటు పోతుందో కూడా చూశాం. స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద నగరాలు పెట్టిన ఖర్చులో 64 శాతం రోడ్డు దుమ్ము మీదే పోయిందని, పరిశ్రమల కాలుష్యం మీద ఒక్క శాతం కూడా పెట్టలేదని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తేల్చింది. ఊడ్చే యంత్రాలు కొన్నారు, నీళ్లు చిమ్మే లారీలు కొన్నారు. అవి అక్కర్లేదని నేను అనను. డాబా మీద వడియాలు పెట్టుకునే రోజు మామ్మగారికి కూడా రావాలి. కానీ పరికరంలో మలుపు దాటి లోపలికి పోయిన రేణువుకు, దాటలేక ఆగిపోయిన రేణువుకు తేడా తెలియనట్టు ఖర్చు పెడితే, వీధి శుభ్రంగా కనిపిస్తుంది, రక్తంలోకి దిగేది మాత్రం దిగుతూనే ఉంటుంది.

విశాఖలో ఉన్నా, రామగుండంలో ఉన్నా, పటాన్‌చెరులో ఉన్నా మీ ఊరి గాలి మీద మూలాల అధ్యయనం జరుగుతుంటే ఆ నివేదికను అడిగి తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు చాలు. వృత్తంలో రోడ్డు దుమ్ము అన్న ముక్క దగ్గర ఆగి, అది ఎవరి వాహనం నుంచి, ఎవరి యార్డు నుంచి రోడ్డెక్కిందో రాశారా లేదా చూడండి. ఫిల్టర్లు ఎన్ని రోజులు పెట్టారో, చలికాలం కలిసిందో లేదో, ముఖచిత్రాలు ఈ ఊరివేనా అరువు తెచ్చినవా అని అడగండి. ఆ నివేదిక తెలుగులో, మీ వార్డు కార్యాలయం గోడ మీద, మామ్మగారు చదివించుకోగలిగేలా ఉండాలని పట్టుబట్టండి. తన గాలిలో ఎవరి వాటా ఎంతో తెలుసుకునే హక్కు ఆవిడకుంది.